నాలుగు కిలోల తేడా

మా ఆఫీసులోకి కొత్త సాఫ్ట్‌వేర్ రావడమంటే పెళ్ళిచూపుల కంటే పెద్ద తతంగం. అమ్మడానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇస్తాను, చెప్పిందంతా వింటాను, చివర్లో నా పాత లెక్కల పుస్తకంలోంచి ఒక మొండి దూలం లెక్క తీసి "దీన్ని చెయ్యండి చూద్దాం" అంటాను. సగంమంది అక్కడే సంచీ సర్దుకుంటారు. ముప్పై మూడేళ్ళుగా విశాఖపట్నంలో ఇళ్ళకీ గోడౌన్లకీ బడులకీ స్ట్రక్చరల్ లెక్కలు చేస్తున్నదాన్ని. నా సంతకం పడిన కప్పు ఇంతవరకూ ఒక్కటీ కూలలేదు. ఆ మాత్రం పొగరు నాకుంది, దాచుకోను.

ఈసారి పని భీమిలిది. అక్కడి మత్స్యకార మహిళల సంఘం వాళ్ళు తమ పిల్లల కోసం ఒక చదువుల హాలు కట్టించుకుంటున్నారు. ఇనప స్తంభాలు, వాటి మీద టేకు దూలాలు. టేకు కొత్తది కాదు. బజారు వీధిలో పడగొట్టిన పాత మేడలోంచి వచ్చిన రంగూన్ టేకు, మొత్తం పన్నెండు దూలాలు. మేడను విప్పింది అప్పలాచారి గారని డెబ్బై ఏళ్ళ వడ్రంగి. ఆ దూలాలను అక్కడ ఎక్కించింది ఆయన తండ్రేనట. విప్పిన ప్రతి దూలానికీ సుద్దముక్కతో నెంబరు వేసి, మా యార్డులో దించి వెళ్ళాడు.

చెక్కా ఇనుమూ కలిపి లెక్క కట్టడానికి మాకున్న పాత సాఫ్ట్‌వేర్ చాలదు. కొత్తవి రెండింటిని పక్కపక్కన పెట్టుకుని చూశాం. మొదటిదాని పేరు 'స్థిర'. ఊరంతా అదే వాడుతుంది. ఇనుము దానికి కొట్టిన పిండి. చెక్క మాత్రం దానికి పట్టికలో ఒక గీత, అంతే.

"పాత దూలం అనగానే ఇది బలాన్ని సగానికి కోసేస్తోంది మేడం," అంది ఫర్జానా. మా ఆఫీసులో నా తర్వాత పెద్ద ఇంజనీరు తనే. ఆరేళ్ళుగా నా నోటిని భరిస్తోంది. "ఇన్నేళ్ళూ ఎంత బరువు మోసిందో తెలియదు కాబట్టి నమ్మను అంటోంది. ఈ లెక్కన పన్నెండులో ఒక్కటీ పనికిరాదు. అన్నీ ఇనప దూలాలే వెయ్యాలి."

"దాని అనుమానం తప్పు కాదులే. ఇనప దూలం మీద ఎక్కి దిగితే వంగి మళ్ళీ లేస్తుంది, నువ్వెవరో కూడా దానికి గుర్తుండదు. చెక్క అలా కాదు. వంగినదాంట్లో పిసరంత తనలోనే ఉంచుకుంటుంది."

"ఆ పిసరంతనే చదువుతానంటోంది రెండోది."

రెండోదాని పేరు 'దారు'. కలప పరిశోధనశాలలో పనిచేసే డాక్టర్ పైడిరాజు దాన్ని తయారుచేశాడు. ఇంకా బజారులోకి రాలేదు. దూలాన్ని మెల్లగా ఆవిరి పట్టిస్తే లోపలి నారలు పట్టు సడలించుకుంటూ, మోసిన బరువులను ఒకటొకటిగా వదిలేస్తాయట. ఏ బరువు, దూలం మీద ఎక్కడ పడింది, ఎంతసేపు ఉంది, అన్నీ పట్టుకుంటుందట. వానాకాలం చెమ్మ, ఎండాకాలం పొడి నారల్లో గీతలు గీస్తాయి కాబట్టి ఏ ఏడు, ఏ నెల, ఏ పూట అన్నది కూడా చెబుతుందట. చదవడం పూర్తయ్యేసరికి దూలం వంపు తీరి, నిన్న కోసిన చెక్కంత బలంగా తయారవుతుంది. ఇదంతా వినగానే నాకు ఒక్క దూలమే గుర్తొచ్చింది. ఫర్జానాతో మాత్రం, "కోతలు కొయ్యడానికేం, పరీక్ష పెడదాం. ఏడో నెంబరు దూలం పట్టుకెళదాం," అన్నాను.

ఏడో నెంబరే ఎందుకని తను అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేదాన్ని.

ఆ మేడలో మేం అద్దెకుండేవాళ్ళం. కింద కలప అడితి, నాన్న అందులో గుమాస్తా. పైన మేం ముగ్గురం: నాన్న, కనకం అక్క, నేను. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది, నన్ను పెంచింది తనే. నన్ను చంకనేసుకుని మోసీ మోసీ, దించేశాక కూడా అక్క ఎడమ అడుగు కుడిదానికంటే బరువుగా పడేది. కళ్ళు మూసుకున్నా నడకని బట్టి అక్కని పోల్చేదాన్ని.

మేడ మీద పొడుగ్గా చెక్క నడవా ఉండేది. ఉత్తరం చివర వీధి మెట్లు. నడిమధ్యన నాన్న గది, అక్క గది ఎదురెదురుగా. దక్షిణం చివర నా గది, దాని పక్కనే పెరట్లోకి దిగే ఇరుకు మెట్లు. నడవా కింద ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే దూలం, ఇరవై రెండు అడుగులది. నడుమ కొద్దిగా వంగి ఉండేది. గోళీ ఎక్కడ వదిలినా దొర్లుకుంటూ వెళ్ళి అక్క గుమ్మం ముందే ఆగేది. ఆ దూలమే ఇప్పటి ఏడో నెంబరు.

నాకు పదిహేనేళ్ళప్పుడు అక్కకి పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు బడిలో ఉద్యోగం వచ్చింది. విశాఖ నుంచి ఓడలో వెళ్ళాలి. "నీ పదో తరగతి అవగానే నిన్నూ తీసుకుపోతానే హైమా," అని ఎన్నోసార్లు చెప్పింది. నా చెవికి ఎక్కలేదు. నన్ను వదిలేసి పోతోందన్నదే ఎక్కింది. ప్రయాణం రోజు పొద్దున్నే నాన్న టిక్కెట్టు పనిమీద రేవుకి ముందే వెళ్ళాడు. నేను గదిలో దూరి గడియ పెట్టుకుని, "పోతే పో, మళ్ళీ నా మొహం చూడకు," అని అరిచి, తలుపుకి వీపు ఆనించి కింద కూచున్నాను.

వచ్చి పిలుస్తుంది, బతిమాలుతుంది, అప్పుడు తీద్దాం అనుకున్నాను. ఇంతలో వాన అందుకుంది. పైన రేకులు. వాన పడితే ఆ ఇంట్లో మన మాట మనకే వినపడదు. రెండుమూడుసార్లు తలుపు వీపుని నొక్కితే గాలి అనుకున్నాను. వాన వెలిశాక గడియ తీసి చూస్తే నడవాలో ఎవరూ లేరు.

అక్క అక్కణ్ణుంచి రెండు ఉత్తరాలు రాసింది. బడి గురించి, పిల్లల గురించి, అక్కడి సముద్రం రంగు గురించి. ఆ పొద్దుటి మాట ఎత్తలేదు. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు. నాలుగో నెలలో మలేరియా మెదడుకెక్కి అక్కడే పోయింది. కడచూపు కూడా లేదు. ఆ పొద్దున వెళ్ళేముందు అక్క నా తలుపు దాకా వచ్చిందా, రాలేదా? నలభై రెండేళ్ళుగా నాకు కావలసింది ఈ ఒక్క జవాబే. నాన్నని అడిగితే, "నాకేం తెలుసమ్మా, నేను రేవులో ఉన్నాను కదా," అనేవాడు. ఇప్పుడు ఆయనా లేడు.

పరిశోధనశాలలో పైడిరాజు మాకోసం ఎదురుచూస్తున్నాడు. నలభై దాటిన మనిషి, మాట చాలా నెమ్మది. దూలాన్ని పొడుగాటి గాజుపెట్టెలో పడుకోబెట్టించాడు.

"ఒకమాట ముందే చెప్పాలండి," అన్నాడు. "చదవడం ఒక్కసారే. చదివింది దూలంలో మిగలదు. లెక్క కంప్యూటర్లో ఉంటుంది, అంతే."

"బలం పెరుగుతుందన్నారు కదా. అదేగా మాక్కావలసింది."

"పెరుగుతుందండి." గాజుపెట్టె మూత మూశాడు. "మొదట మా ఇంటి ఉయ్యాల దూలమే చదివాను. మా అమ్మ నన్ను ఊపిన ఊపులన్నీ వరసగా వచ్చాయి. మూడు రోజులు కూచుని విన్నాను. తర్వాత ఆ దూలం తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే బిగించాను గానీ, దానికింద కూచోబుద్ధి కావట్లేదండి. అందుకే అందరికీ ముందే చెబుతున్నాను."

నేను తల ఊపాను. ఇలాంటి మాటలు ఆపాలంటే నాకు తెలిసిన దారి పనిలో పడటమే. మేడ ప్లాను నేనే గీసి తెచ్చాను. ఆ ప్లాను మీద దూలాన్ని కూచోబెట్టాలంటే దాని ఉత్తరం చివర ఏదో 'దారు'కి చెప్పాలి.

"మేడం, ఒక చివర పసుపు మరక ఉంది," అంది ఫర్జానా గాజులోంచి చూస్తూ. "అది ఉత్తరమా, దక్షిణమా?"

"పసుపు శుభం కదా, ఉత్తరమే అయ్యుంటుంది. దక్షిణానికి ఎవరైనా పసుపు రాస్తారా? రాసెయ్."

"ఆచారి గారికి ఒక ఫోన్ చేస్తే..."

"దూలం పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివే యంత్రం ముందు నిలబడి వడ్రంగిని అడుగుతామా? రాసెయ్ అన్నానా?"

రాసేసింది.

ఆవిరి లేచింది. ముందు బస్తాల బరువులు వచ్చాయి. మేం ఖాళీ చేశాక ఆ మేడని గోడౌను చేశారు. తెరమీద చుక్కలు పరుగులు తీస్తున్నాయి, స్పీకరులో దబ్బుదబ్బుమని చప్పుళ్ళు. ఏళ్ళు వెనక్కి పోతున్నాయి. సాయంత్రానికి దూలం పూర్తిగా వదిలేసింది. పైడిరాజు దానిమీద రసమట్టం పెట్టి చూపించాడు. వంపు లేదు. ఇప్పుడు గోళీ వదిలితే వదిలిన చోటే ఉంటుంది.

"ఏ రోజు చూపించమంటారు?" అన్నాడు.

తేదీ చెప్పాను. ఆ మేడలోనే నేను పెరిగాననీ, అది మా అక్క వెళ్ళిపోయిన రోజనీ ఫర్జానాకి అప్పుడు చెప్పాను.

స్పీకరులో వాన లేదు, అరుపులు లేవు. బరువు ఒక్కటే. నడవా నడిమధ్యన యాభై ఎనిమిది కిలోలు దూలం మీదికి వచ్చాయి. అక్క నలభై ఆరు, ట్రంకుపెట్టె పన్నెండు. ఎడమ అడుగు బరువుగా, కుడి అడుగు తేలిగ్గా. ఏడు అంగలు. నాకు ఒళ్ళంతా చెవులైపోయాయి. నలభై రెండేళ్ళ తర్వాత అక్క నా ముందునుంచి నడిచి వెళ్ళింది. తర్వాత పెట్టె కింద పెట్టింది. నిలబడింది. పదకొండు నిమిషాలు అలాగే నిలబడింది. మళ్ళీ పెట్టె ఎత్తుకుని దూలం మీంచి దిగిపోయింది.

"ఎక్కడ?" అన్నాను.

ఫర్జానా ప్లాను మీద చుక్క చూపించింది. "ఉత్తరం చివర మేడం. వీధి మెట్ల దగ్గర."

"నిలబడినప్పుడు బరువు నలభై రెండే చూపిస్తోంది. నాలుగు తక్కువ," అన్నాను.

"మెట్ల కమ్మీ మీద చెయ్యి ఆనించి ఉంటారు మేడం. ఆ నాలుగు కమ్మీలోకి పోయి ఉంటాయి."

నిజమే. వానలో రిక్షా కోసం నిలబడింది. రిక్షా కోసం పదకొండు నిమిషాలు నిలబడగలిగిన మనిషి, తన గది నుంచి పదకొండు అడుగులు ఇటు నడిచి నా తలుపు తట్టలేకపోయింది. ఇంకేం చూపించమంటారని పైడిరాజు అడిగాడు. ఏం అక్కర్లేదన్నాను. నాకు కావలసింది ఆ ఒక్క రోజే. మిగతా రోజుల మొహం కూడా చూడలేదు.

ఆ రాత్రి అన్నాలకి కూచున్నాం. మా ఆయన ప్రకాశం వంజరం పులుసు పెట్టాడు. రిటైరయ్యాక వంట ఆయనదే, నాకంటే బాగా చేస్తాడు. సంగతి చెప్పాను.

"నలభై రెండేళ్ళ కింద వెళ్ళిపోయిన మనిషి మీద ఇవాళ కోపమేమిటి?" అన్నాడు.

"ఇవాళేగా తెలిసింది."

"తెలిసి ఏం బావుకున్నావు? ఇన్నాళ్ళూ వచ్చిందేమోనన్న ఆశ అన్నా ఉండేది."

అదే నన్ను తినేస్తున్నది. ఇన్నేళ్ళుగా నాకు నేను వేసుకున్న శిక్షలో ఒక మూల చిన్న కిటికీ ఉండేది. అక్క వచ్చే ఉంటుంది, పిలిచే ఉంటుంది, వానలో నాకే వినపడలేదు అని. చేజేతులా ఆ కిటికీ మూసుకున్నాను. అక్క మీద బెంగ ఎంతున్నదో కోపం అంత పెరిగింది. ఏ ఒక్కటీ ఇంకోదాన్ని తగ్గించలేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, "'స్థిర' తీసుకుంటున్నాం," అన్నాను. "హాలంతా ఇనుమే. ఇనుముకి ఈ రోగాలు లేవు. దూలాలు పన్నెండూ ఎవరికైనా ఇచ్చెయ్యండి, బల్లలు చేసుకుంటారు."

ఫర్జానా లేచి నిలబడింది. "మేడం, చదివిన దూలం పరీక్షలో అద్భుతంగా నిలబడింది. పైగా ఆ చెక్క సంఘం ఆడవాళ్ళు ఇష్టపడి తెచ్చుకున్నది. ఎందుకు వద్దో వాళ్ళకి ఏమని చెప్పను?"

"నేను వద్దన్నానని చెప్పు."

అత్త మీద కోపం దుత్త మీద చూపించానని నాకు తెలియకపోలేదు. తెలిసే చేశాను. సంఘం పెద్ద ఎల్లమ్మ ఫోన్ చేసి, "రంగూన్ కర్ర అని మాయమ్మ సెప్పేదమ్మా, దాని కింద మా పిల్లలు సదువుకుంటారనుకున్నాం," అంటే, "బలం చాలదమ్మా," అని అబద్ధమాడాను. వృత్తిలో నేను ఆడిన మొదటి అబద్ధం అదే. ఫోన్ పెట్టాక చాలాసేపు పని చెయ్యలేకపోయాను.

నాలుగో రోజు అప్పలాచారి గారు లారీ తీసుకొచ్చాడు, దూలాలు ఎక్కించుకుపోవడానికి. కాగితం మీద సంతకం కోసం లోపలికొచ్చి, నా బల్ల ముందు నిలబడి, కళ్ళజోడు సవరించుకున్నాడు. నేను సంతకం పెడుతున్నాను. ఆయన చూపు గోడమీద ఉంది. అక్కడ ఫర్జానా అతికించిన మేడ ప్లాను ఉంది, దూలం మీద ఎర్ర చుక్కలతో సహా.

"ఇదేటమ్మా, ఏడో నెంబరు తిరగేసి రాసినారు?" అన్నాడు.

"ఏది తిరగేశాం?"

"పసుపు ఉత్తరానేసినారు గదా. పసుపు దచ్చినానికమ్మా."

"దక్షిణానికి పసుపేమిటి ఆచారి గారూ?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇంత చదివిన మనిషికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "మానుకి మొదలు, కొస ఉంటాయి గదమ్మా. నిలబెట్టినపుడు మొదలు కిందకుండాల. అడ్డంగా ఏసినపుడు మొదలు దచ్చినానికో పడమరకో ఉండాల, కొస ఉత్తరానికో తూరుపుకో. సెక్కేసినాక ఏది మొదలో ఏది కొసో ఆనవాలు తెలవదు. అందుకని మా అయ్య దుంగ దిగిన రోజే మొదలుకి పసుపు రాసీవోడు. సుభానికి కాదు, గురుతుకి. ఆ మేడలో పన్నెండు దూలాలూ అంతే. నా సేత్తో ఇప్పినాను, నాకు తెలవదా?"

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"మొన్ననే నన్నొక మాట అడగాల్సింది," అన్నాడు మళ్ళీ. తప్పుపట్టడానికి అన్న మాట కాదది. అయినా తగలవలసిన చోట తగిలింది.

"లారీ ఆపండి," అన్నాను. "ఫర్జానా, ఆ లెక్క తియ్యి. అక్క రోజు కాదు. దానికి ముందు, ఏదో ఒక మామూలు వారం తియ్యి."

తీసింది. మొన్న నేను చూడకుండా వదిలేసిన రోజులు ఒక్కటొక్కటే తెరమీదికి వచ్చాయి. ముప్పై నాలుగు కిలోల పిల్ల ఒకతి రోజూ సాయంత్రం నడవాలో పరిగెత్తి, ఉత్తరం చివరికి వెళ్ళి, దూలం దిగి ఏదో గదిలోకి పోతోంది. పొద్దున్నే ఆ చివర్నుంచే బయటికొస్తోంది. వారమంతా అదే. ఉత్తరం చివర గదులేం లేవు, మెట్లే. గది ఉన్నది దక్షిణాన. పరిగెడుతున్న పిల్లని నేను. ముప్పై మూడేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, నా అడుగుల్నే నేను సరిచూసుకోలేదు.

ఫర్జానా ఒక్క గడిలో 'ఉత్తరం' కొట్టేసి 'దక్షిణం' అని రాసింది. ఎర్ర చుక్కలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. నా తేదీ తెచ్చింది.

అక్క తన గదిలోంచి బయటికొచ్చింది. వీధి మెట్ల వైపు పోలేదు. ఎడమ అడుగు బరువుగా, కుడి అడుగు తేలిగ్గా, ఏడు అంగలు నావైపే వేసింది. నా గుమ్మం ముందు పెట్టె దించింది. పదకొండు నిమిషాలు నిలబడింది. తర్వాత నా గది పక్కనున్న పెరటి మెట్లు దిగిపోయింది.

"మేడం," అంది ఫర్జానా. "ఆ నాలుగు కిలోలు. అక్కడ కమ్మీ లేదు కదా. మరి ఎక్కడికి పోయినట్టు?"

మోసే దిక్కు లేకుండా ఏ బరువూ ఉండదు. కాలేజీ మొదటి నెలలో నేర్చుకున్న పాఠం అది. దూలం మీద తగ్గిందంటే ఇంకెక్కడో పడి తీరాలి. అక్కడ అక్క చెయ్యి అందుకోగలిగేది ఒక్కటే ఉంది. తలుపు. తలుపు గోడది, గోడ బరువు దూలానికి రాదు. అక్క నా తలుపు మీద వాలి నిలబడింది. ఆ తలుపుకి ఇవతల వీపు ఆనించి కూచున్నది నేను. గాలి అనుకున్నాను.

ఏడ్చాను. ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను, సిగ్గుపడలేదు. అప్పలాచారి గారు కుర్చీ లాగి నా పక్కన కూచుని, "ఏటైనాదమ్మా," అని ఒకటే అడిగాడు. చెప్పాను. విని, "అయితే అప్ప ఒచ్చినాదన్నమాట," అన్నాడు. అంతకంటే తేటగా నేనూ చెప్పలేను.

కాసేపటికి లేచి మొహం కడుక్కున్నాను. లారీలోంచి దూలాలు దింపించాను. ఎల్లమ్మకి ఫోన్ చేసి, చెక్కలో తప్పు లేదనీ, మొన్న నేనే అబద్ధమాడాననీ చెప్పాను. "పోనీలెమ్మా, మరి కర్ర ఎప్పుడెక్కిస్తారు?" అంది.

"ఇంక 'దారు' తీసుకుందామా మేడం?" అడిగింది ఫర్జానా. "మిగతా పదకొండూ చదివిస్తే కొత్తవాటిలా అయిపోతాయి. పని సులువు."

పన్నెండు దూలాలనీ చూశాను. పదకొండింటికి ఇంకా వంపు ఉంది. వాటి మీద ఎవరెవరు నడిచారో, ఎవరు ఎవరికోసం నిలబడ్డారో నాకు తెలియదు. ఏడో నెంబరు మాత్రం తిన్నగా ఉంది. అరచెయ్యి దానిమీద ఆనించాను. నునుపుగా, బలంగా ఉంది. అక్క దాంట్లో లేదు. నేనే తుడిచేశాను.

"వద్దు. వాటిని చదివే హక్కు మనది కాదు. బలం సగమే అనుకుందాం. ఒక్కో దూలానికి అటొకటి ఇటొకటి ఇనప పలకలు పెట్టి బోల్టులతో బిగిద్దాం. చెక్క మొయ్యలేని సగం పలకలు మోస్తాయి. ఇనుము లెక్క 'స్థిర' చేస్తుంది. చెక్కా ఇనుమూ కలిసే చోటు నేను చేత్తో చేస్తాను. మొదలూ కొసా మాత్రం ఆచారి గారు చెప్పినట్టు."

"ఏడో నెంబరు?"

"హాలు గుమ్మం ముందు నడవాలో వెయ్యండి. పిల్లలు తొక్కనీ."

ఆచారి గారు నవ్వి లేచాడు. ఆయన వెళ్ళాక ఫర్జానాని పిలిచాను. "మన యార్డులో సిమెంటు సంచులు తూచే కాటా ఉంది కదా. అది తెప్పించి నా గది బయట పెట్టించు. దానిమీద నిలబడు. తలుపు వేసుకుంటాను. నువ్వు బయట ముంజేయి తలుపుకి ఆనించి, కాటాలో సరిగ్గా నాలుగు తగ్గేదాకా వాలు."

"ఎందుకు మేడం?"

"నాలుగు కిలోలంటే ఎంతో నాకు తెలియాలి."

తను వెళ్ళి కాటా తెప్పించింది. నేను గదిలోకి వెళ్ళి గడియ పెట్టి, నేలమీద కూచుని, తలుపుకి వీపు ఆనించాను. యాభై ఏడేళ్ళదాన్ని, మోకాళ్ళు అంత తేలిగ్గా మడతపడలేదు. బయట కాటా కిర్రుమంది. చెక్క వీపుని మెల్లగా నొక్కింది. ఎంతో కాదు. నిద్రలో చంటిపిల్ల దొర్లి మన ఒంటికి ఆనుకున్నంత. ఆ నొక్కు నాకు తెలుసు.

"నాలుగు వచ్చింది మేడం," అంది ఫర్జానా తలుపవతల నుంచి. "ఎంతసేపు ఉండమంటారు?"

"పదకొండు నిమిషాలు."

తను అలాగే ఉంది. నేనూ కదల్లేదు. గోడమీద గడియారం చూస్తూ కూచున్నాను. పదకొండో నిమిషం ఇంకా పూర్తికాకుండానే లేచి, గడియ తీశాను.